నివురు కింద నిప్పు

2024 వేసవిలో నేనూ, మా ఆవిడా కాలిఫోర్నియాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. వాళ్లు ఉండేది ఫ్రీమాంట్‌లో. ఓ ఆదివారం అందరం కలిసి సముద్రం ఒడ్డునున్న ఒక పార్కుకి పిక్నిక్‌కి బయల్దేరాం. పులిహోర, దద్దోజనం సరే సరి. అల్లుడు డజను మొక్కజొన్న పొత్తులు కూడా తెచ్చాడు. అక్కడ పార్కుల్లో బల్లల పక్కనే ఇనుప పొయ్యిలుంటాయి. బొగ్గులు మనం పట్టుకెళ్తే చాలు. పొత్తులు కాల్చే పని నేను తీసుకున్నాను. చిన్నప్పట్నుంచీ రోడ్డు పక్కన బండి దగ్గర నిలబడి చూసిన విద్య ఎక్కడికి పోతుంది?

తిన్నాం, తిరిగాం, ఫొటోలు దిగాం. బయల్దేరే ముందు సీసాలో మిగిలిన నీళ్లు బొగ్గుల మీద కుమ్మరించాను. బుస్సుమని పొగ లేచింది. పైనంతా తెల్లటి బూడిద. 'ఆరిపోయింది, పదండి' అన్నాను.

అప్పుడే అటుగా వచ్చిన రేంజరమ్మాయి 'ఒక్క నిమిషం సర్' అంటూ ఆగింది. ఓ బకెట్టు నీళ్లు తెచ్చి పోసింది. పుల్లతో అడుగుదాకా కలియబెట్టింది. తర్వాత వంగి, అరచేతి వెనక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి చూసి, 'ఇంకా ఆరలేదు' అంది. మళ్లీ కలిపితే అడుగున ఒక బొగ్గు ఎర్రగా మెరిసింది. మూడోసారి నీళ్లు పడ్డాకగానీ ఆమె చెయ్యి నిశ్చింతగా బూడిదలో ఆగలేదు. 'నీళ్లు పొయ్యాలి, కలపాలి, చేత్తో చూడాలి. చెయ్యి పెట్టగలిగితేనే ఆరినట్టు సర్' అని నవ్వి వెళ్లిపోయింది.

నివురు గప్పిన నిప్పు అనే మాట జన్మలో ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. దాని అర్థం మాత్రం అరవై దాటాక, మనవరాలి ఎదురుగా, పరాయి దేశంలో తెలిసింది. కారులో కూర్చున్నాక కాస్త ఉక్రోషంగానే అన్నాను. 'ఇంత చలి! స్వెట్టర్ వేసుకున్నా వణుకుతున్నాం. ఎదురుగా మనిషి కనపడనంత పొగమంచు. ఇక్కడ అడవి అంటుకోవడమేమిటి?'

మా అల్లుడు వెంటనే జవాబు చెప్పలేదు. 'వచ్చే వారం మిమ్మల్ని ఒకచోటికి తీసుకెళ్తాను మామయ్యగారూ' అన్నాడు.

ఆరిందనుకున్నవే అంటుకున్నాయి

ఆ వారం రోజులూ పని లేదు కదా, ఆ తీరంలో కార్చిచ్చుల కథలు చదువుతూ కూర్చున్నాను. చదివేకొద్దీ ఆ అమ్మాయి చెయ్యే కళ్లముందు మెదిలింది.

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన పాయింట్ రేయస్ అని జాతీయ తీర ఉద్యానం ఒకటుంది. 1962లో ఏర్పడింది. అక్కడి మౌంట్ విజన్ కొండ మీద 1995 అక్టోబర్‌లో కొందరు కుర్రాళ్లు అనుమతి లేకుండా చలిమంట వేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ మట్టి కప్పారు. ఆరిపోయిందనే అనుకున్నారు. ఎండుటాకుల అడుగున నిప్పు మిగిలింది. పొడిగాలి లేచింది. పన్నెండు వేల ఎకరాల పైచిలుకు కాలిపోయింది. 45 ఇళ్లు బూడిదయ్యాయి. మంట కొండ దిగి సముద్రం దాకా వెళ్లింది.

అంతకు నాలుగేళ్ల ముందు, 1991 అక్టోబర్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎదురు ఒడ్డున ఓక్లాండ్ కొండల్లో ఓ చిన్న గడ్డి మంట లేచింది. ఆర్పేశారు. మర్నాడు అక్కడే మళ్లీ రాజుకుంది. 25 మంది చనిపోయారు. సుమారు మూడు వేల ఇళ్లు పోయాయి.

మేం తిరిగొచ్చిన కొన్ని నెలలకే, 2025 జనవరిలో, లాస్ ఏంజిలిస్ పక్కన పాలిసేడ్స్ తగలబడటం మీరంతా టీవీల్లో చూసే ఉంటారు. కొత్త సంవత్సరం తొలి గంటల్లో అక్కడి టొపాంగా స్టేట్ పార్కు వైపు కొండ మీద ఎనిమిది ఎకరాలు కాలాయి. ఫైరింజన్లు వచ్చి ఆర్పాయి. ఆ నిప్పు నేల అడుగున వేళ్లలో కనపడకుండా రగిలి, జనవరి 7న ఈదురుగాలికి పైకి లేచిందని ఫెడరల్ దర్యాప్తు అధికారులు ఆ ఏడాది అక్టోబర్‌లో చెప్పారు. 23 వేల ఎకరాలకు పైగా కాలింది. 12 మంది ప్రాణాలు పోయాయి. 6,800 పైచిలుకు కట్టడాలు నేలమట్టమయ్యాయి. పార్కులో పదిలంగా దాచుకున్న నాటి హాస్యనటుడు విల్ రోజర్స్ ఇల్లూ వాటిలో ఉంది.

మూడు మంటలు, మూడు ఊళ్లు. మూడింట్లోనూ 'ఆరిపోయింది' అన్న ఒక్క మాట.

నల్లటి మానులు, పచ్చటి చిగుళ్లు

మరుసటి ఆదివారం అల్లుడు తీసుకెళ్లింది బిగ్ బేసిన్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కుకి. శాంతాక్రజ్ కొండల్లో, సముద్రానికి దగ్గర్లోనే ఉంటుంది. 1902లో ఏర్పడింది. కాలిఫోర్నియా రాష్ట్ర పార్కుల్లో అదే మొదటిది. వెయ్యేళ్లు దాటిన రెడ్‌వుడ్ చెట్లున్న అడవి అది. ఒక్కో మాను చుట్టూ చేతులు పట్టుకుని నిలబడాలంటే మా కుటుంబం మొత్తం చాల్లేదు.

కారు దిగగానే ఎవరికీ మాట రాలేదు. మానులన్నీ కింద నుంచి పైదాకా బొగ్గులా నల్లగా ఉన్నాయి. 2020 ఆగస్టులో వాన లేకుండా ఉరుములు, మెరుపులతో గాలివాన వచ్చింది. ఆ రాష్ట్రంలో వేల పిడుగులు పడ్డాయి. ఈ కొండల్లో విడివిడిగా రాజుకున్న మంటలు కలిసిపోయి 86 వేల ఎకరాలకు పైగా కాల్చాయి. దాదాపు 1,500 కట్టడాలు పోయాయి. పద్దెనిమిది వేల ఎకరాల బిగ్ బేసిన్‌లో నూటికి 97 వంతులు కాలింది. 1930ల్లో దుంగలతో కట్టిన పార్కు ప్రధాన కార్యాలయం బూడిదైంది. సందర్శకులను మళ్లీ కొద్దికొద్దిగా రానివ్వడానికి 2022 జులై దాకా పట్టింది.

2020 సెప్టెంబర్ 9న బే ఏరియాలో పట్టపగలు ఆకాశం నారింజ రంగులోకి మారింది గుర్తుందా? అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులకు గుర్తుండే ఉంటుంది. రాష్ట్రమంతటా మండుతున్న అడవుల పొగ అది. మా అమ్మాయి ఆరోజు ఉదయం పది గంటలకి లైట్లు వేసుకుని వీడియో కాల్‌లో చూపించింది. ఇక్కడ మా ఆవిడ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు.

ఇంతకీ ఆ నల్లటి మానులు చచ్చిపోయాయనుకునేరు. లేదు! ప్రతి మానుకీ ఒళ్లంతా పచ్చటి చిగుళ్లు, గుబురుగా, ఉన్ని స్వెట్టర్ తొడిగినట్టు. రెడ్‌వుడ్ బెరడు అడుగు మందం దాకా ఉంటుంది. నిప్పుని లోపలికి పోనివ్వదు. బెరడు కింద ఏళ్ల తరబడి నిద్రపోయే మొగ్గలుంటాయి. కాలాక అవి లేచి చిగురిస్తాయి. 'అడవి తల్లి', 'అడవి తండ్రి' అని అక్కడివాళ్లు పిలుచుకునే రెండు మహావృక్షాలూ బతికాయి. పక్కనున్న డగ్లస్ ఫర్ చెట్లు మాత్రం చాలావరకు పోయాయి.

మరి నా ప్రశ్న? అంత పొగమంచులో మంటేమిటని కదా! మనకీ వాళ్లకీ అక్కడే తేడా. మనకు ఎండల తర్వాత వానలొస్తాయి. వాళ్లకు వానలు చలికాలంలోనే. వేసవి మొత్తం చుక్క పడదు. రెడ్‌వుడ్లు ఆ పొగమంచు నుంచి కారే తడి తాగి బతుకుతాయి. ఎండాకాలం చివర, అంటే సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, పొగమంచు తప్పుకుంటుంది. ఎడారి వైపు నుంచి సముద్రం వైపు పొడిగాలి వీస్తుంది. ఆరు నెలలు ఎండిన గడ్డి, తుప్పలు, రాలిన కొమ్మలు... అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. తడిగా కనపడింది కదా అని తడిసిందనుకోకూడదు. నా బొగ్గులూ అంతేగా!

మంటను ఆపి మంట పెంచారు

ఇంత ఎండు చెత్త ఎలా పోగైంది? ఇక్కడ కథ కాస్త వెనక్కి వెళ్తుంది.

తెల్లవాళ్లు రాకముందు వేల ఏళ్ల పాటు ఆ తీరంలోని ఆదివాసులు అదను చూసి నేలను కొద్దికొద్దిగా కాల్చేవారు. గింజలిచ్చే గడ్డి బాగా రావడానికి, బుట్టలల్లే పుల్లలు నిటారుగా ఎదగడానికి, జింకలు మేతకు రావడానికి. చిన్న మంటలు తరచూ పడటంతో పెద్ద మంటకు మేత మిగిలేది కాదు. 1793లో స్పానిష్ గవర్నర్ అరియాగా ఈ కాల్పులను నిషేధిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. 1850లో కాలిఫోర్నియా రాష్ట్రమూ చట్టం చేసింది. 1935లో అమెరికా అటవీ శాఖ ఇంకో అడుగు వేసింది. ఏ మంటనైనా మర్నాడు ఉదయం పది గంటలకల్లా అదుపులోకి తేవాలని నియమం పెట్టింది. ఉద్దేశం మంచిదే. కానీ ప్రతి చిన్న మంటనూ ఆర్పుతూ పోతే అడవి అడుగున కట్టెల గోదాము తయారైంది. దానికి తోడు 1990ల నుంచి అక్కడి టాన్ఓక్ చెట్లకు ఒక తెగులు సోకింది. లక్షల చెట్లు నిలువునా ఎండిపోయాయి.

ఇప్పుడు ఆ పాత విద్యనే మళ్లీ నేర్చుకుంటున్నారు. బిగ్ బేసిన్‌కు దగ్గర్లో కిరోస్టే లోయ అని పార్కు భూమి ఉంది. అక్కడ ఆదివాసులు తరచూ నేలను కాల్చిన ఆనవాళ్లను పరిశోధకులు తవ్వకాల్లో గుర్తించారు. అమా మూట్సన్ తెగవాళ్లు రాష్ట్ర పార్కుల శాఖతో కలిసి ఆ లోయలో ముసురుకున్న తుప్పల్ని కొట్టి పాత గడ్డినేలను తిరిగి తెస్తున్నారు. ఒకనాడు నేరమన్న పని వాళ్ల వారసుల దగ్గరే నేర్చుకోవాల్సి వచ్చింది.

మంటకీ ముహూర్తం

అడవికి మనమే నిప్పు పెట్టడమంటే మాటలు కాదు. దానికి వాళ్లు చూసే ముహూర్తం ముందు మన పెళ్లి ముహూర్తాలు ఏ మూలకి? గాలి ఎక్కువ ఉండకూడదు, అసలు లేకపోతే పొగ కదలదు. గాలిలో తేమ ఇంత ఉండాలి, ఎండుపుల్లలో తడి ఇంత ఉండాలి. పొగ ఊళ్ల మీదికి పోదని వాయు నాణ్యత అధికారులు ఒప్పుకోవాలి. మంట కాయడానికి సిబ్బంది ఖాళీగా ఉండాలి. వేసవిలో వాళ్లంతా ఎక్కడో పెద్ద మంట దగ్గరుంటారు. పక్షులు గూళ్లు పెట్టే నెలల్లో కొమ్మలు కొట్టకూడదు. బిగ్ బేసిన్ పాత చెట్ల మీద మార్బుల్డ్ మర్లెట్ అనే అరుదైన సముద్రపు పిట్ట గుడ్లు పెడుతుంది. ఇవన్నీ కుదిరే రోజులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ రోజున వాన పడితే మళ్లీ మొదటికి!

అందుకే మంట ఒక్కటే కాదు, చాలా పనులు కలిపి చేస్తారు. రోడ్డు పక్క తుప్పలు తీసి, పెద్ద చెట్లను ఉంచి, కింది కొమ్మలు నరుకుతారు. మంట నేల మీద నుంచి నిచ్చెనెక్కినట్టు పైకి పాకకుండా అన్నమాట. తీరంలో చాలా ఊళ్లకు ఒక్కటే దారి. జనం పారిపోవాలన్నా, ఫైరింజను రావాలన్నా అదే గతి. మా మనవరాలికి అన్నిటికన్నా నచ్చిన పని ఇంకోటుంది. ఓక్లాండ్ వైపు పార్కుల్లో మేకల మందల్ని తోలి తుప్పలు మేపిస్తారు. 'తాతయ్యా, మేకలకి జీతమిస్తారా?' అనడిగింది. జీతం వాటి యజమానికి, మేత వాటికి అన్నాను.

ఇక తీరంలో ఇంకో పేచీ ఉంది. 1972లో కాలిఫోర్నియా ప్రజలు ఓటేసి తీరాన్ని కాపాడేందుకు ఒక కమిషన్ తెచ్చుకున్నారు. 1976లో దానికి గట్టి చట్టం వచ్చింది. తీరం వెంట ఇష్టారాజ్యంగా భవనాలు లేవకుండా ఆపింది అదే. అయితే అదే చట్టం కింద పొదలు కొట్టాలన్నా అనుమతి కావాలి. ఒక్కో పనికి విడిగా కాగితాలు తిరిగేలోపు ఇంకో వేసవి వచ్చేది. అడ్డమెందుకు అనకండి. 2019లో టొపాంగా పార్కులో కరెంటు స్తంభాలు మార్చడానికి దారి చదును చేసినప్పుడు, ఒక అరుదైన మొక్క దాదాపు రెండొందలు బుల్‌డోజర్ కింద పోయాయి. చేసింది మంట ముప్పు తగ్గించడానికే. అనుమతి లేకుండా చేసినందుకు జరిమానా పడింది. చిత్రమేమిటంటే, ఆ మొక్క గింజ బాగా మొలకెత్తేది మంట పడ్డాకే!

మధ్యేమార్గం కూడా దొరికింది. 2021లో శాన్‌మాటియో, శాంతాక్రజ్ జిల్లాల తీరానికి ముందే ప్రణాళిక రాసుకున్నారు. ఎక్కడ ఏం కొట్టొచ్చు, ఏ మొక్క జోలికి పోకూడదు, ఏ నెలలో పని ఆపాలి, అన్నీ అందులోనే. కమిషన్ దాన్ని ఆమోదించింది. ప్రతి పనికీ విడిగా తిరగాల్సిన బాధ తప్పింది. పాలిసేడ్స్ దుర్ఘటన తర్వాత 2025 మార్చిలో రాష్ట్ర గవర్నర్ ఇలాంటి పనులకు అనుమతుల నిబంధనలు అత్యవసరంగా సడలించారు. ఇల్లు కాలాక తెరిచే తలుపు కన్నా, నింపాదిగా ఉన్నప్పుడు కూర్చుని రాసుకున్న కాగితమే నాకు ఎక్కువ నచ్చింది.

ఒకే మందు పనికిరాదు

ఉత్తర తీరానికి పనికొచ్చిన వైద్యం దక్షిణానికి పనికిరాదు. లాస్ ఏంజిలిస్ పక్కన శాంతా మోనికా కొండల మీద రెడ్‌వుడ్లు లేవు. నడుమెత్తు, తలెత్తు దట్టమైన పొదలే. వాటిని తరచూ కాలిస్తే మళ్లీ గింజ పట్టే వయసు రాకముందే చచ్చిపోతాయి. వాటి స్థానంలో పరాయి గడ్డి మొలుస్తుంది. అది పొదకన్నా త్వరగా అంటుకుంటుంది. 2018 నవంబర్‌లో వచ్చిన వూల్సీ కార్చిచ్చు ఆ కొండల్లోని జాతీయ పార్కు భూముల్లో నూటికి 88 వంతులు కాల్చింది. ఇంత కాలాక మళ్లీ కాల్చడమెందుకు? అక్కడ పని అంతా ఇళ్ల చుట్టూనే. గోడ పక్క ఎండుటాకులు, చూరులో చెత్త, కిటికీ కింద పొద తీసెయ్యాలి. చాలా ఇళ్లు మంట తాకి కాదు, మైళ్ల దూరం ఎగిరొచ్చిన రవ్వ ఇలాంటి మూలల్లో పడే అంటుకుంటాయి.

మంట ఆరాక కూడా పని అయిపోదు. 2017 డిసెంబర్‌లో థామస్ కార్చిచ్చు శాంతా బార్బరా వైపు కొండల్ని బోడి చేసింది. నెల తిరక్కుండానే, 2018 జనవరి 9 తెల్లవారుజామున, గట్టి వాన పడింది. పట్టుకునే వేళ్లు లేక బురద, బండరాళ్లు మాంటెసిటో మీదికి దొర్లాయి. 23 మంది చనిపోయారు. మంట తర్వాత వచ్చే వాననీ లెక్కలోకి తీసుకున్నదే ప్రణాళిక.

మన కొండల సంగతి

మనకేమిటి సంబంధమంటారా? 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం అడవులు అంటుకుంటే ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. విశాఖలో సముద్రానికి కూతవేటు దూరంలో కంబాలకొండ అడవి ఉంది. పక్కనే మహానగరం. నల్లమలలో ఏటా వేసవికి ముందు ఫైర్ లైన్లు గీస్తారు, కాపలా పెడతారు. ఇప్పుడు ఉపగ్రహాలు చూసి మంట కబురు అటవీ సిబ్బంది ఫోనుకే పంపుతున్నాయి. అయినా ఉపగ్రహానికి కనపడేది లేచిన మంటే. విసిరేసిన బీడీ ముక్క కనపడదు. అది మనకే కనపడాలి.

మన ఇంట్లో అయితే పొయ్యి కట్టేశామో లేదో రెండుసార్లు చూస్తాం. పార్కు అందరిదీ. అందరిదీ అంటే ఎవరో ఒకరు చూస్తార్లే అనుకుంటాం. ఆ రేంజరమ్మాయి చేసిందల్లా, ఆ 'ఎవరో ఒకరు' తనే అనుకోవడం. తుప్పలు కొట్టినవాడికి, ఆకులు ఊడ్చినవాడికి పేపర్లో ఫొటో రాదు. రాని మంటకు వార్త ఉండదు కదా!

మొన్న సంక్రాంతికి పిల్లలు ఇండియా వచ్చారు. వీధి చివర భోగిమంట చల్లారింది. అందరూ ఇళ్లలోకి వెళ్తున్నారు. మా మనవరాలు మాత్రం కదల్లేదు. బకెట్టు నీళ్లు తెమ్మని నన్ను పంపింది. కర్రతో కలిపించింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, వెనక వైపు తిప్పి, 'పెట్టు తాతయ్యా' అంది.

పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉంది. ఇంకో బకెట్టు తెచ్చాను.